కార్లైల్ గెలుపులు ఎవరివి?

1912 నవంబరు 9న వెస్ట్ పాయింట్‌లో అమెరికా సైనిక అకాడమీ జట్టును కార్లైల్ ఆదివాసీ పాఠశాల కుర్రాళ్లు 27-6తో చిత్తు చేశారు. వూండెడ్ నీ దగ్గర అదే దేశపు సైన్యం లకోటా జనాన్ని ఊచకోత కోసి అప్పటికి 22 ఏళ్లు కూడా నిండలేదు. ఓడిన జట్టులో, తర్వాతి కాలంలో దేశాధ్యక్షుడైన ఐసెన్‌హోవర్ ఉన్నాడు. గెలిచిన జట్టులో, ఆ వేసవిలోనే స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో రెండు స్వర్ణాలు గెలిచిన శాక్ అండ్ ఫాక్స్ తెగ యువకుడు జిమ్ థోర్ప్ ఉన్నాడు. ఆ సీజన్‌లో కార్లైల్ 12 ఆటలు గెలిచి, ఒకటి ఓడి, ఒకటి డ్రా చేసుకుంది. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ చరిత్రలో ఇలాంటి సీజన్లను ఆ పాఠశాల ఘనతగా చెప్పుకోవడం పరిపాటి. ఆ లెక్క తప్పు. గెలుపులు కుర్రాళ్లవి, వాటిని పాఠశాల ఖాతాలో వేయకూడదు.

చేత్తో బంతి పట్టుకుని పరుగెత్తే ఈ ఆట అప్పట్లో గుంపులు గుంపులుగా ఢీకొట్టుకోవడమే. 1905లో మరణాలు పెరిగి, అధ్యక్షుడు రూజ్వెల్ట్ పెద్ద కాలేజీల వాళ్లను వైట్‌హౌస్‌కు పిలిచి మందలించాల్సి వచ్చింది. మరుసటి ఏడాది నిబంధనలు మారి, బంతిని ముందుకు విసరడానికి, అంటే పాస్‌కు, అనుమతి దొరికింది. బరువులో ప్రత్యర్థులకు తీసికట్టయిన కార్లైల్ జట్టుకు వేగం, ఎత్తుగడే దిక్కు. 1903లోనే హార్వర్డ్ మీద బంతిని చార్లీ డిల్లన్ జెర్సీ వెనక దాచేశారు. అది జారిపోకుండా దర్జీ చేత ముందే ఎలాస్టిక్ కుట్టించారు. బంతి ఎవరి దగ్గరుందో హార్వర్డ్ వాళ్లు వెతుక్కుంటుంటే డిల్లన్ నేరుగా గీత దాటేశాడు. ఆ ఆటలో చివరికి కార్లైలే ఒక్క పాయింటు తేడాతో ఓడింది, అది వేరే సంగతి. పాస్‌ను మొదట వాడింది 1906లో సెయింట్ లూయిస్ జట్టే కదా అంటారు. నిజమే. అయితే పాస్ తప్పితే భారీ పెనాల్టీ ఉన్న ఆ రోజుల్లో, తూర్పుతీరపు పెద్ద జట్లు దాన్ని లెక్కచేయక తప్పని స్థితి తెచ్చింది మాత్రం 1907 కార్లైల్. ఫిలడెల్ఫియాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయాన్ని 26-6తో ఓడించిన రోజు చెయెన్ తెగకు చెందిన పీట్ హౌజర్ విసిరిన పొడవాటి పాస్‌లు ఆట రూపురేఖలే మార్చేశాయి.

మరి పాఠశాల లేకపోతే ఈ కుర్రాళ్లకు ఆట ఎక్కడిది, గ్లెన్ ‘పాప్’ వార్నర్ లాంటి కోచ్ ఎక్కడివాడు అన్నది బలమైన అభ్యంతరమే. వార్నర్ ఎత్తుగడల్లో దిట్ట, కాదనలేం. అయితే పాఠశాల ఉద్దేశం ఆట నేర్పడం కానే కాదు. రిచర్డ్ ప్రాట్ 1879లో దాన్ని పెట్టింది ఆదివాసీ పిల్లల్లోని ఆదివాసీతనాన్ని చంపడానికి. ఆ మాట అతనే అన్నాడు. జుట్టు కత్తిరించారు, సొంత భాష మాట్లాడితే శిక్షించారు, సగం పూట చదువు, సగం పూట చాకిరీ. ఇళ్లకు తిరిగి వెళ్లని పిల్లల సమాధులు నేటికీ ఆ ఆవరణలో ఉన్నాయి. జట్టు మాత్రం ఊరూరా తిరిగి పెద్ద కాలేజీల మైదానాల్లో ఆడింది, టికెట్ల డబ్బు పాఠశాల క్రీడా నిధికి చేరింది. తమకు దక్కిన మేలు ఎంతో చెప్పగలిగింది ఆ ఆటగాళ్లే, వాళ్లు చెప్పారు కూడా. 1912 జట్టు క్వార్టర్‌బ్యాక్, ఒజిబ్వే యువకుడు గస్ వెల్ష్ తోటి విద్యార్థులను కూడగట్టి వాషింగ్టన్‌కు ఫిర్యాదు పంపాడు. 1914లో కాంగ్రెస్ కమిటీ విచారణలో వార్నర్ దురుసుతనం మీద, క్రీడా నిధి వాడకం మీద సాక్ష్యాలు బయటపడ్డాయి. సూపరింటెండెంట్ పదవి పోయింది, వార్నర్ పిట్స్‌బర్గ్‌కు వెళ్లిపోయాడు, 1918లో పాఠశాలే మూతబడింది.