సముద్రమున గాలిమరలు – జలచరముల గతి

ఆర్మూరునకు సముద్రము బహుదూరము. అయినను మన పసుపుచేలకు నీరు తోడు మోటారు ఏ చోటి విద్యుత్తుచే తిరుగుచున్నదో చెప్పుట నేడు కష్టము. 2013 డిసెంబరు 31వ తేదీన దక్షిణదేశపు విద్యుత్తీగలు తక్కిన భారతదేశపు తీగలతో కలిసినవి. కావున రేపు సముద్రమునందలి గాలిమర మన బావికడ మోటారును త్రిప్పినను త్రిప్పవచ్చును. ఆ మరవలన నీటిలోని ప్రాణుల కేమగునో తెలిసికొనుట మనకును పనియే.

1963లో నెహ్రూగారు పోచంపాడున శంకుస్థాపన చేసిరి. ఆనకట్ట లేచిన పిదప గోదావరి అచ్చట చెరువువలె నిలిచినది. ఇట్టి చోట్ల పారునీటి చేపలకు తావు తగ్గి, నిలుకడనీటి చేపలకు హెచ్చును. సముద్రమున గాలిమర నీటిని ఆపదు. అచ్చటి ముఖ్యబాధ శబ్దము.

మర నిలుపుటకు మిక్కిలి లావైన ఉక్కుగొట్టమును సముద్రపుటడుగున పెద్ద సమ్మెటతో గంటల తరబడి దిగగొట్టుదురు. శబ్దము గాలిలోకంటె నీటిలో నాలుగింతలకు మించిన వేగముతో పోవును. డెన్మార్కు పడమటి తీరమున హార్న్స్ రేవ్ అనుచోట 2002లో 80 మరలు నిలుపునపుడు, తిమింగిలమునకు చుట్టమైన పోర్పాయిసు అను ప్రాణులు 20 కిలోమీటర్ల దూరమున సైతము చెదిరినవి. ఇవి తాము చేయు ధ్వని తగిలి మరలివచ్చుటను విని ఆహారము వెదకును. చెవి పనిచేయనిచో వానికి పస్తే. పని ముగిసిన పిదప అవి తిరిగివచ్చినవి.

అదే దేశమున నిస్టెడ్ అనుచోట 2003లో 72 మరలు నిలిచినవి. అచ్చట ఉక్కుగొట్టములు గాక బరువైన కాంక్రీటు పీఠములు వాడిరి. అయినను, ఏండ్లు గడచినను పోర్పాయిసులు పూర్వమువలె చేరలేదు.

శబ్దమును తగ్గించు ఉపాయము లేకపోలేదు. జర్మనీ సముద్రమున చిల్లుల గొట్టమును నీటియడుగున చుట్టును పరచి గాలి నూదుదురు; లేచు బుడగల తెర శబ్దమును చాలవరకు మ్రింగును.

మర నిలిచిన పిదప స్తంభమునకు ఆల్చిప్పలును నాచును పట్టును. వానికై పీతలు, చేపలు మూగును. దీనిని చూచి చేపలు వృద్ధియైనవని కొందరు సంతసింతురు. నాకు కొంత సందేహము. అంగడినాడు ఆర్మూరున జనము క్రిక్కిరిసినంతనే చుట్టుపల్లెలలో జనము పెరిగినట్లు కాదు గదా!

2024 జూన్‌లో కేంద్ర మంత్రివర్గము గుజరాతు, తమిళనాడు తీరములలో చెరి 500 మెగావాట్ల గాలిమరలకు ధనసహాయము అంగీకరించినది. తమిళనాడున ఉద్దేశించిన తావు మన్నారు సింధుశాఖ. దాని ప్రక్కనున్న పాక్ అఖాతమున 2022లో 448 చదరపు కిలోమీటర్లను సముద్రపుటావు రక్షణకై ఆ రాష్ట్రము కేటాయించినది. అది నీటియడుగు గడ్డిని మేయు సాధుప్రాణి. మూడు మొదలు ఏడేండ్ల కొకమారు ఒక్కటే పిల్లను కనును.