ఆటల కంప్యూటరు: వేగము, వేడి, చప్పుడు

తెలుగు పాఠాలు చెప్పుకొనేవానికి కంప్యూటరు పెట్టెలతో పని ఏమిటని మన సంచికను తిరగవేసే పెద్దలు అనుకొనవచ్చును. అందుకు రెండు కారణాలున్నవి. మన కళాశాలలో చదివి వెళ్ళిన విద్యార్థి ఒకడు, దర్జీ దుకాణం నడిపే తండ్రిని ఒప్పించి, లక్షకు కొంచెం తక్కువలో ఆటల కంప్యూటరొకటి కొన్నాడు. ఆటలొక్కటే కాదు, పెళ్ళి వీడియోలు కూర్చి నెలకింత సంపాదిస్తానని ఇంట్లో మాట ఇచ్చినాడు. డిసెంబరులో కొన్న ఆ యంత్రం ఏప్రిల్ రాగానే పని మధ్యలో దానంతటదే ఆరిపోవడం మొదలుపెట్టింది. "సార్, వైరస్ పట్టిందంటున్నారు, నిజమేనా?" అని అడగడానికి మా ఇంటికి వచ్చినాడు. రెండవ కారణం, కమిటీవారు మన కంప్యూటరు గదికి ఇటువంటి యంత్రాలే కొనాలని ఆలోచిస్తూ, ధరల పట్టికలు పరిశీలించే పనిలో నన్ను కూడా కలిపినారు. కొనేముందు ఏమి చూడవలెనో నేను చదివి తెలుసుకొన్నదీ, చేతితో చేసి చూసినదీ ఇక్కడ వ్రాస్తున్నాను.

ఆటల కంప్యూటరు అనగానే పిల్లల వినోదవస్తువని తీసివేయడం తగదు. తెరపై కదిలే దృశ్యాన్ని క్షణక్షణం కొత్తగా గీయడానికి ఎంత లెక్క కావాలో, వీడియోలు కూర్చడానికీ, కట్టడాల నమూనాలు గీయడానికీ ఇంచుమించు అంత లెక్కే కావాలి. మన ఊళ్ళలో పెట్టె మొత్తాన్నీ సీపీయూ అంటాం. నిజానికి సీపీయూ అనగా లోపల అగ్గిపెట్టె పాటి చిన్న ముక్క. దానినే ప్రాసెసరు అంటారు. దానికి తోడుగా బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు, తాత్కాలిక జ్ఞాపకానికి ర్యామ్, కరెంటును సర్ది ఇచ్చే ఎస్ఎంపీఎస్, ఇవన్నీ ఇమిడే క్యాబినెట్టు. వీటిని విడివిడిగా కొని కూర్చుకొనవచ్చును. కంపెనీగాని, అంగడిగాని సిద్ధంగా కూర్చినది కొనవచ్చును. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పిల్లలు పెక్కుమంది రైలో బస్సో ఎక్కి సికిందరాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరుకు వెళ్ళి కూర్చిన పెట్టెనే తెచ్చుకొంటారు. లోపలి ముక్కలను విడిగా చూసి ఎంచుకొనే అవకాశం వారికి తక్కువ. అందువల్ల ఇతరులు కూర్చినదానిని ఎట్లా పరీక్షించాలన్నదే మన ప్రశ్న.

అంగడిలో మొదట చెప్పే సంఖ్య ఎఫ్‌పీఎస్, అంటే యంత్రం సెకనుకు ఎన్ని చిత్రాలు గీయగలదన్నది. 60 అంటే ఒక్కొక్క చిత్రానికి సుమారు 16.7 మిల్లీసెకన్లు, 144 అంటే సుమారు 6.9. కాని వారు చెప్పేది సగటు. సగటు ఎట్లా మభ్యపెడుతుందో చిన్న లెక్కతో చూడండి. ఒక సెకనులో 59 చిత్రాలు పదేసి మిల్లీసెకన్లలో వచ్చి, అరవయ్యవది ఒక్కటే 410 మిల్లీసెకన్లు తీసుకొన్నదనుకొందాం. మొత్తం సరిగ్గా ఒక సెకను, సగటు 60. అయినా చూసేవాని కంటికి తెర దాదాపు అర సెకను బిగుసుకుపోయినట్లే. తరగతి సగటు మార్కులు బాగున్నవని ఎవడూ తప్పలేదని చెప్పగలమా? అందుకే తెలిసిన పరీక్షకులు సగటుతో పాటు, అన్నిటికంటె నెమ్మదిగా వచ్చిన నూటికొక వంతు చిత్రాల వేగాన్ని కూడా వేరుగా చెబుతారు. సగటు 110 ఉండి ఈ రెండవ సంఖ్య 35 ఉంటే ఆ యంత్రం తడబడుతున్నదని అర్థం. దీనికి తరచు కనిపించే కారణం, ఖర్చు తగ్గించడానికి రెండు ర్యామ్ ముక్కలకు బదులు ఒకటే పెట్టడం. 16 జీబీ ఒక్క ముక్కగా ఉన్నదా, 8 చొప్పున రెండుగా ఉన్నదా అని అడిగేవారు అరుదు.

మరొక సంగతి దీనికంటె ముఖ్యమైనది. ఇంటెల్ కోర్ ఐ7-12700 అనే ప్రాసెసరుకు 65 వాట్లని చెబుతారు. అది ఆధార వేగానికి లెక్క. పూర్తి వేగంతో నడిచేటప్పుడు 180 వాట్ల వరకు తీసుకొంటుందని ఇంటెల్ వారి వివరపత్రంలోనే ఉన్నది. కూర్చేవారు 65 చూసి, దానికి తగిన చిన్న ఫ్యాను బిగించినారనుకోండి. మొదటి కొద్ది క్షణాలు యంత్రం పరుగెత్తుతుంది. ఆ తరువాత వేడి పోయే దారి లేక కుంటుతుంది. అంగడిలో మనకు చూపించేది ఆ మొదటి క్షణాలే.

ఇక వేడి. కంప్యూటరు వాడుకొన్న కరెంటు మొత్తం చివరకు వేడిగానే బయటికి రావలసి ఉన్నది. 180 వాట్ల ప్రాసెసరుకు 200 వాట్ల ఆర్‌టీఎక్స్ 4070 కార్డు తోడైతే, ఐదు పాతరకం సీలింగు ఫ్యాన్లు వాడే కరెంటు ఒక్క పెట్టెలో వేడిగా మారుతుంది. గద్వాల చీర కొనేవారిని గమనించండి. నడుమ నూలు, అంచులూ కొంగూ పట్టు; రెండూ మేలైనవే కావచ్చును. అయినా తెలిసినవారు చీరను వెలుతురుకు పట్టి, నూలూ పట్టూ కలిసిన చోటునే పరిశీలిస్తారు. కంప్యూటరులో అటువంటి చోటు గాలి దారి. మేలైన కార్డు, మేలైన ప్రాసెసరు పెట్టి, ముందు భాగాన్ని అద్దంతో మూసి రంగుల దీపాలు అమర్చితే, ఫ్యాన్లు తిరుగుతుంటవి గాని వాటికి పీల్చుకొనడానికి గాలి అందదు.

ఇక్కడ మన ప్రాంతం వారు తప్పక వేసుకొనవలసిన లెక్క ఒకటున్నది. ఒకే పనిలో, ఒకే ఫ్యాను వేగంలో, లోపలి ముక్క గది వేడికంటె ఎన్ని డిగ్రీలు ఎక్కువ ఉంటుందో అది ఇంచుమించు మారదు. 22 డిగ్రీల ఏసీ గదిలో ప్రాసెసరు 76 డిగ్రీలు చూపితే తేడా 54. అదే పెట్టెను నడిగడ్డలో రోహిణి కార్తెలో, రేకుల కప్పు కింద 40 డిగ్రీల గదిలో పెట్టండి, 94. ఇంటెల్ 12వ, 13వ తరం ప్రాసెసర్లలో పెక్కింటికి హద్దు 100 డిగ్రీలు. ఏఎండి రైజెన్ 7000 వరుసలో పెక్కింటికి 95. హద్దు చేరగానే ప్రాసెసరు తనను తాను కాపాడుకొనడానికి వేగం తగ్గించుకొంటుంది. అమెరికాలోని గేమర్స్ నెక్సస్ వంటి పరీక్షకులు గది వేడిని తీసివేసి తేడాను మాత్రమే చెప్పేది ఇందుకే. ఆ తేడాకు మన గది వేడిని మనం కలుపుకొనవలెను. గది వేడి చెప్పని పరీక్షాఫలితం మనకు పనికిరాదని నా అభిప్రాయం. ఎస్ఎంపీఎస్‌లకు ఇచ్చే 80 ప్లస్ ముద్ర పరీక్ష కూడా 23 డిగ్రీల చుట్టూ జరిగేదే. పూర్వం గద్వాల కోటకూ, వనపర్తి రాజభవనానికీ గోడలు కట్టినవారు ఎండను ఎంత లెక్కలోకి తీసుకొన్నారో అందులో చదువుకొన్నవారికి తెలుసు. మన రేకుల గదులకు ఆ భాగ్యం లేదు.

వేడి పెరిగితే ఫ్యాను వేగం పెరుగుతుంది, దానివెంట చప్పుడు. ఫ్యాను వేగం రెట్టింపైతే చప్పుడు సుమారు 15 డెసిబెల్స్ పెరుగుతుంది. పది డెసిబెల్స్ పెరిగితే చెవికి రెట్టింపైనట్లు తోస్తుందంటారు. అయితే ఒకే తీరు ఫ్యాన్లు ఒకటికి రెండు పెడితే పెరిగేది మూడు డెసిబెల్స్ మాత్రమే. అందువల్ల వడిగా తిరిగే ఒక చిన్న ఫ్యాను కంటె, నెమ్మదిగా తిరిగే రెండు పెద్ద ఫ్యాన్లు నయం. మన ఇళ్ళలో సీలింగు ఫ్యాను హోరు ఎట్లాగూ ఉంటుంది, పెట్టె చప్పుడు ఎవరికి వినిపిస్తుందని కొందరంటారు. సమమైన హోరు అందులో కలిసిపోయే మాట నిజమే. కాని ఒక్కసారిగా లేచి, తగ్గి, మళ్ళీ లేచే చప్పుడు, సన్నని కూత వంటి ధ్వని కలిసిపోవు. మా విద్యార్థి ఇంట్లో ఆ యంత్రం ఉన్న గదిలోనే అతని నానీ నిద్రపోతుంది. "ఈ పెట్టె రాత్రంతా ఆయాసపడుతున్నది బేటా, దీనికి ఏదైనా మందు వేయించు" అని ఆమె జనవరిలోనే అన్నదట. ఆమె మాట విని ఉంటే ఏప్రిల్ దాకా ఆగవలసిన పని లేకపోయేది.

ఆ యంత్రాన్ని చూడడానికి ఒక ఆదివారం వారి ఇంటికి వెళ్ళినాను. దానిని కంప్యూటరు బల్లలో సీపీయూ కోసమని చేసే చెక్కగూటిలో, మూడు వైపులా మూసి ఉంచినారు. ముందు వైపు అద్దం. అడుగున ఎస్ఎంపీఎస్ గాలి పీల్చే జాలీ దూదితో, దుమ్ముతో కంబళి వలె మూసుకుపోయింది. వారిది పత్తి చేల ఊరు. పనిమధ్యలో ఆరిపోవడానికి కారణం అదే. మితిమీరి వేడెక్కిన ఎస్ఎంపీఎస్ తన రక్షణ కొరకు కరెంటు ఆపివేస్తున్నది. వైరస్ ఏమీ లేదు. వీడియో పని పెట్టి అరగంట తరువాత చూస్తే ప్రాసెసరు 98 డిగ్రీలు చూపింది. పక్క తలుపు తీసి మళ్ళీ అంతసేపు నడిపితే 84. తలుపు తీసినంత మాత్రాన అన్ని డిగ్రీలు తగ్గితే ముక్కల తప్పు లేదు, గాలి దారిది తప్పు అని గ్రహించవచ్చును. ఈ పరీక్షకు స్క్రూడ్రైవరు తప్ప మరేమీ అక్కరలేదు.

కొనేవారు చేయవలసిన పరీక్ష కూడా పెద్దదేమీ కాదు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో, ఆఫ్టర్‌బర్నర్ అనే ఉచిత ప్రోగ్రాములు వేడినీ, వేగాన్నీ చూపుతవి. ముందుగా గది వేడిని వ్రాసుకొనవలెను. బరువైన ఆటనో, వీడియో పనినో అరగంట ఆపకుండా నడిపి, ఐదవ నిమిషంలోనూ ముప్పయ్యవ నిమిషంలోనూ చిత్రాల వేగం, ప్రాసెసరు వేడి, కార్డు వేడి నమోదు చేయవలెను. ఈ రెండింటి మధ్య వేగం బాగా పడిపోతే ఆ యంత్రం అసలు వేగం రెండవదే. చప్పుడుకు ఫోనులోని కొలత కచ్చితం కాదు. అయినా ఒకే ఫోనును ఒకే దూరంలో పెట్టి రెండు యంత్రాలను పోల్చడానికి అది చాలును. ఈ మూడింటినీ ఒకే సమయంలో కొలవాలని మరువకండి. చప్పుడు లేదని చూపడానికి ఫ్యాను తగ్గిస్తే వేడి పెరుగుతుంది; వేడి లేదని చూపడానికి వేగం తగ్గించవచ్చును; వేగం చూపడానికి ఫ్యాన్లను హోరెత్తించవచ్చును. విడివిడిగా చూస్తే ప్రతి యంత్రమూ ఉత్తీర్ణత పొందుతుంది. ఎస్ఎంపీఎస్, మదర్‌బోర్డు సాధారణ కొలతలవేనా అని కూడా అడగండి. కొన్ని పెద్ద కంపెనీలు తమకే ప్రత్యేకమైన ఆకారంలో చేస్తవి. రేపు చెడిపోతే మన ఊళ్ళో దొరకవు. బస్సులో తెచ్చేటప్పుడు బరువైన గ్రాఫిక్స్ కార్డును ఊడదీసి వేరుగా తేవడం మంచిది.

మా విద్యార్థి చెక్కగూటిలోనుంచి పెట్టెను బయటికి తీసినాడు. జాలీ ముఖం ఉన్న క్యాబినెట్టుకు మార్పించినాడు. ప్రాసెసరు మీద పెద్ద ఫ్యాను వేయించినాడు. దానికి మళ్ళీ ఎనిమిది వేల పైచిలుకు అయినది. తండ్రిని అడగలేక రెండు పెళ్ళిళ్ళ వీడియోల సొమ్ము అందులో పెట్టినాడు. మే నెలలో యంత్రం ఒక్కసారి కూడా ఆరలేదు. నానీ మాత్రం ఆయాసం కొంచెం తగ్గిందనే అంటున్నది, పూర్తిగా పోయిందని ఒప్పుకొనలేదు.

కమిటీవారికి నేను ఇచ్చిన కాగితంలో రెండు కోరికలున్నవి. అమ్మేవారు మొదట ఒక్క యంత్రాన్ని తెచ్చి, మన మేడ మీది గదిలో, ఏసీ లేకుండా, మధ్యాహ్నం మూడు గంటలకు అరగంట నడిపి చూపవలెను. ఆ ముప్పయ్యవ నిమిషపు సంఖ్యలనే ధరల పట్టిక పక్కన వ్రాయవలెను. ఇంతవరకు వచ్చిన మూడు పట్టికలలో ఒకరు దీనికి ఒప్పుకొన్నారు. ఒకరు ఏసీ గది అయితే వస్తామన్నారు. మూడవవారి నుండి ఇంకా జవాబు రాలేదు.