కిటికీలకు తగిన తెరలు

అమరకోశము కిటికీకి వాతాయనమనియు గవాక్షమనియు పేర్లు చెప్పినది. మొదటిది గాలి త్రోవ. రెండవది ఆవు కన్ను. గాలికొక పేరు, చూపునకొక పేరు వచ్చినవి గాని, యెండకు పేరు రాలేదు. నేడు మన యిండ్లలో కిటికీగుండ ఆ రెంటికంటె ముందుగా ప్రవేశించునది ఎండయే. పూర్వపు మండువా యింటికి చూరు బాగుగా క్రిందికి దిగియుండెడిది. చుట్టును వసారా యుండెడిది. మట్టిగోడ మూరెడు మందముండెడిది. అట్టి యింటి కిటికీకి తెర యేల యను ప్రశ్నయే పుట్టలేదు. ఇప్పుడు గ్రామములలో గూడ కాంక్రీటు కప్పు వేసి, చూరు విడువక, సన్నని గోడలకు అద్దపు రెక్కల కిటికీలు పెట్టుచున్నారు. చూరు చేసిన పనిని తెర చేయవలసి వచ్చినది.

ఇది అలంకారమునకు సంబంధించిన మాట కాదు. 2015 వేసవిలో వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు రెంటను కలిపి వేయిమందికి మించి మరణించిరి. వారిలో ఎండలో పనిచేయు కూలీలును వృద్ధులును హెచ్చు. ముదిమిలో చెమట తగ్గును. దాహము సరిగా తెలియదు. మధ్యాహ్నము మనము నడుము వాల్చు గది యెంత వేడెక్కునన్నది ప్రాణముతో ముడిపడిన విషయము. కావున అంగడికి పోయి, రంగు చూచి తెర కొనుట నాకు నచ్చదు. ముందు దిక్కు చూడవలెను, పిదప గది చూడవలెను, రంగు చివరిది.

దిక్కు సంగతి కొంచెము వివరింతును. తెలుగుదేశము భూమధ్యరేఖకు ఉత్తరముగా సుమారు 13 మొదలు 20 డిగ్రీల నడుమ నున్నది. విజయవాడలో మే మొదటివారమున మధ్యాహ్నసూర్యుడు సరిగా నడినెత్తికి వచ్చును. అటుపై ఆగష్టు మొదటివారము దాక నడినెత్తికి కొంచెము ఉత్తరముగానే సంచరించును. అనగా మంచి వేసవిలో దక్షిణపు కిటికీకి మధ్యాహ్నపుటెండ తగులదు. అయినను దానికి దళసరి తెర కట్టి, వచ్చెడి గాలిని చెరచుకొనువారు పెక్కుమంది కలరు. డిసెంబరులోనో, ఆ సూర్యుడే మధ్యాహ్నవేళ దక్షిణమున 50 డిగ్రీల యెత్తున నిలిచి, ఆ కిటికీగుండ వెచ్చని యెండ పంపును. అది ముసలి కీళ్లకు హితమే. కావున అచ్చట తేలికగా చుట్టిపెట్టుకొను పలుచని తెర చాలును.

పడమటి కిటికీ మాట వేరు. మూడు గంటలకు సూర్యుడు దిగజారి, చూరునకు గాని సజ్జకు గాని చిక్కక, తిన్నగా గదిలోనికి దూరును. అప్పటికి నేల, గోడ, గాలి అన్నియు కాగియే యుండును. ఇంటికంతకును ఒక్క తెర కొనుటకే ధనమున్నచో అది పడమటి కిటికీకి చెందవలెను. తూర్పుటెండయు ఏటవాలుగనే వచ్చును గాని, అప్పటికి గాలి చల్లగా నుండుటచే బాధ తక్కువ. ఉత్తరపు కిటికీకి ఎండయే లేదని మనవా రందురు. మే, జూన్ మాసములలో సూర్యుడు తూర్పునకు ఉత్తరముగా ఉదయించి, పడమటికి ఉత్తరముగా అస్తమించును గనుక, ఉదయసాయంకాలములందు ఆ కిటికీకిని ఎండ తగులును.

తెర కిటికీకి లోపల కట్టవలెనా, వెలుపల కట్టవలెనా? వెలుపలనే. ఎండ అద్దమును దాటివచ్చి లోపలి తెరను తాకును, తెర వేడెక్కును, ఆ వేడి అద్దమును దాటి సులభముగా బయటికి పోజాలక గదిలోనే నిలుచును. వెలుపల జానెడు ఎడముగా వ్రేలాడు తెర కాగినను, ఆ వేడిని గాలి యెత్తుకొనిపోవును. పట్టణపు అంగళ్లలో దొరకు ఖరీదైన గుడ్డతెర లోపల చేయలేని పనిని, మేదరవారు అల్లిన వెదురుబద్దల తెరయో తాటాకు తడికయో వెలుపలనుండి చేయును.

వెదురుబద్దల తెర చావడికి మిక్కిలి తగినది. సందులగుండ గాలి యాడును. పగటివేళ లోపలివారికి వీధి కానవచ్చును గాని, వీధిలోనివారికి లోపలివారు కానరారు. వెలుగున్న వైపు నుండి చీకటివైపు చూచుట కష్టము. దీని మర్మ మింతే. రాత్రి దీపము పెట్టగానే సంగతి తలక్రిందులగును: లోపలిదంతయు వీధికి బయలు. కావున దాని వెనుక రాత్రికై ఒక గుడ్డతెర యుండవలెను.

మధ్యాహ్నము పరుండు గదికి, పొడి వడగాలి వీచు తావులందు, వట్టివేళ్ల తడికకు సాటి లేదు. ఒక లీటరు నీరు ఆవిరియగుటకు సుమారు 580 కిలోకేలరీల వేడి కావలెను. అంత వేడితో దాదాపు ఆరు లీటర్ల మంచుచల్లని నీటిని మరుగునంతగా కాచవచ్చును. తడిసిన వేళ్లనుండి నీరు ఆవిరియగుచు ఆ వేడిని వచ్చెడి గాలినుండియే లాగుకొనును. అయితే రెండు నిబంధన లున్నవి. ఎదుటివైపు కిటికీయో తలుపో తెరచియుంచవలెను. లేకున్న గాలి కదలక గది చెమ్మగిల్లును. గాలి పొడిగా నుండవలెను. రాయలసీమలోను తెలంగాణములోను మేనెలలో ఇది చక్కగా పనిచేయును. బందరు, కాకినాడ వంటి తీరపు ఊళ్లలో సముద్రపుగాలి తిరిగిన పిదప తడిక తడిపిన ఉక్కయే హెచ్చును. అచ్చట పొడి వెదురుతెరయే మేలు. తడిక క్రింద నీటితొట్టి పెట్టువారు దానిని వారమున కొకమారైనను ఒంపి, తోమి, ఆరబెట్టవలెను. డెంగీజ్వరమును మోయు దోమ అట్టి నిలువనీటిలోనే గ్రుడ్లు పెట్టును.

వంటయింట గుడ్డతెర వలదు; వెదురుతెరయు వలదు. నూనెపొగ పట్టి జిడ్డెక్కిన తెరకు నిప్పు సులభముగా నంటును. అచ్చట కిటికీపై వెలుపల రేకు సజ్జ వేసి, లోపల ఏమియు కట్టక, పొగకు దారి విడుచుట మంచిది. చదువుకొను గదిలో ఎండ పుస్తకముమీద పడరాదు గాని వెలుగు తగ్గరాదు. పలుచని తెల్లని నూలుగుడ్డ ఆ రెండు పనులును చేయును. కుడిచేతితో వ్రాయువారికి కిటికీ ఎడమప్రక్క నుండిన, చేతినీడ అక్షరములపై పడదు.

పట్టణములనుండి వచ్చు పలకల తెరలను గూర్చి యొక మాట. రేకుపలకలైనను ప్లాస్టికుపలకలైనను వానిని ఏటవాలుగా త్రిప్పి, వెలుగును కావలసినంత రానిచ్చి, ఎండను ఆపుకొనవచ్చును. అది మంచి సౌకర్యమే. కాని వానిని లాగెడి త్రాడు ఉచ్చువలె వ్రేలాడుచుండును. నడక నేర్చు పసిబిడ్డ మెడకు అది చుట్టుకొని ప్రాణములు పోయిన సందర్భములు కలవు. అందుచేతనే అమెరికాదేశమున 2018 డిసెంబరు నుండి, సిద్ధముగా తయారుచేసి అంగళ్లలో నమ్ము తెరలకు బిడ్డకు అందు త్రాడు ఉండరాదని ప్రమాణము నేర్పరచుకొనిరి. మనుమలు తిరుగు ఇంట త్రాడు లేని తెరయే కొనవలెను. ఇదివర కున్నదానికైనచో గోడకు ఎత్తున కొక్కెము కొట్టి త్రాటిని దానికి చుట్టి, ఉయ్యాలను మంచమును కిటికీ దరినుండి జరుపవలెను.