బీర్ ఫ్రిజ్‌లో అమ్మ ఇడ్లీ పిండి

డిసెంబర్ చివరి వారం. తెల్లవారుజామున నాలుగున్నరకు అమ్మ గిన్నె మూత తీసి చూసి, ఏమీ అనకుండా మళ్లీ పెట్టేసింది. పిండి రాత్రి ఎక్కడుందో అక్కడే ఉంది. నందిపేట్‌లో మాది చిన్న టిఫిన్ బండి. గోదావరి వైపు నుంచి చలిగాలి కొట్టే రోజుల్లో ఇక్కడ పిండి పొంగదు. ఆ రోజు ఇడ్లీలు రాళ్లలా వచ్చాయి. రోజూ వచ్చే ఆటో అన్న రెండు తిని, రెండు ప్లేట్‌లోనే వదిలేసి, డబ్బులు మాత్రం పూర్తిగా ఇచ్చి వెళ్లాడు. తిట్టి పోయినా అమ్మ అంత బాధపడేది కాదేమో. పైగా రోడ్డుకు అవతల కొత్త బండి కూడా పడింది.

ఐడియా డాలస్‌లో ఉన్న మా కాలేజీ సీనియర్‌ది. అతను గ్యారేజీలో సొంతంగా బీర్ కాచుకుంటాడు. పాత ఫ్రిజ్‌కు ఒక కంట్రోలర్ తగిలించి, ఈస్ట్‌కు నచ్చిన ఉష్ణోగ్రత దగ్గర ఆపుతాడు. ఏల్ రకానికి దాదాపు 18 నుంచి 22 డిగ్రీలు, లాగర్‌కు 8 నుంచి 12. వేడి ఎక్కువైతే ఈస్ట్ రెచ్చిపోయి ఘాటు వాసనలు తెస్తుంది. అసలు 1870ల్లో కార్ల్ వాన్ లిండే తయారుచేసిన కూలింగ్ మెషీన్‌ను ముందుగా వాడుకున్నది మ్యూనిక్‌లోని స్పాటెన్ బ్రూవరీ. అంటే మన ఇంట్లో ఫ్రిజ్ పుట్టుకలో బీర్‌కూ వాటా ఉంది!

"మనం కూడా బీరే చేద్దాం బై" అన్నాడు మా దోస్తు. కుదరదు. అమెరికాలో 1978లో చట్టం మార్చి ఇంటి బీర్‌కు దారి ఇచ్చారు. మన దగ్గర 1968 ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా కాస్తే కేసే. కావాలంటే ఈత చెట్టు ఎలాగూ ఉంది. పొద్దున తియ్యగా దిగిన కల్లు మధ్యాహ్నానికి పులిసిపోవడం వెనకా ఇదే ఉష్ణోగ్రత కథ.

సామాను పెద్దగా ఏం లేదు. మూలన పడున్న సింగిల్ డోర్ ఫ్రిజ్, ఎస్‌టీసీ-1000 అనే కంట్రోలర్, 60 వాట్ల పాతకాలం బల్బు, పాత కంప్యూటర్ నుంచి పీకిన ఫ్యాన్. కంట్రోలర్‌లో రెండు రిలేలు ఉంటాయి. చల్లబడితే ఒకటి బల్బును వెలిగిస్తుంది, వేడెక్కితే రెండోది కంప్రెసర్‌ను నడుపుతుంది. 30 డిగ్రీలు, ఒక డిగ్రీ తేడా అని సెట్ చేశా. కంప్రెసర్‌కు ఐదు నిమిషాల గ్యాప్ పెట్టా. ఆగిన వెంటనే మళ్లీ స్టార్ట్ అయితే అది కాలిపోవచ్చు.

మొదటి రాత్రి ఫెయిల్. డిస్‌ప్లే మీద చక్కగా 30 కనిపిస్తోంది, పిండి మాత్రం తెల్లారేసరికి 22 దగ్గరే ఉంది. సెన్సర్ గాలిలో వేలాడుతోంది మరి. గాలి వేడెక్కగానే బల్బు ఆరిపోయింది. రెండో రాత్రి సెన్సర్‌ను కవర్‌లో చుట్టి నేరుగా పిండిలో ముంచా. ఈసారి బల్బు ఆరనే లేదు. బల్బు వైపు అంచున పిండి అట్టులా ఉడికిపోయింది. అమ్మ ఆ అట్టును గరిటెతో తీసి, నా ముందు పెట్టింది.

కూర్చుని లెక్క వేశా. 12 కిలోల పిండిని 18 నుంచి 30 డిగ్రీలకు తేవాలంటే, వేడి ఏమాత్రం బయటికి పోకపోయినా, 60 వాట్లతో రెండు గంటలు దాటుతుంది. నిజంగా అయితే ఇంకా ఎక్కువ. పెద్ద హీటర్ ఆర్డర్ పెట్టబోతుంటే అమ్మ అంది: "గోరెచ్చటి నీళ్లు పోసి రుబ్బితె అయిపోతది కదరా."

అంతే! పిండి 28 డిగ్రీల దగ్గరే గిన్నెలోకి వచ్చింది. ఇక పెట్టె పని వేడి చేయడం కాదు, వేడి పోకుండా కాయడం. సెన్సర్‌ను గిన్నె బయటి గోడకు టేపుతో అంటించి, పైన థర్మాకోల్ ముక్క కప్పా. ఫ్యాన్ గాలిని తిప్పుతూ ఉంటే ఒకే వైపు కాలడం ఆగింది. మూత మాత్రం బిగించలేదు. పిండిని పొంగించేది ల్యూకోనోస్టాక్ మెసెంటెరాయిడ్స్ అనే బ్యాక్టీరియా వదిలే కార్బన్ డయాక్సైడ్. దానికి దారి ఉండాలి కదా.

మీరూ చేసేటట్లయితే ఒక్క మాట. ఫ్రిజ్ గోడకు డ్రిల్ వేయొద్దు. లోపల గ్యాస్ పైపులుంటాయి. ఈమధ్య ఫ్రిజ్‌లలో వాడే ఆర్600ఏ మండే గ్యాస్. వైర్లను తలుపు రబ్బరు సందులోంచి తెచ్చుకోండి, కంట్రోలర్‌ను ప్లాస్టిక్ డబ్బాలో బిగించి బయటే పెట్టండి, ఎర్తింగ్ తప్పనిసరి.

నాలుగో రోజు తెల్లారి మూత తీస్తే పిండి అంచు దాకా వచ్చింది. ఆటో అన్న నాలుగూ తిని, ఇంకో ప్లేట్ పార్సిల్ చెప్పాడు. అమ్మ నా వైపు చూడలేదు గానీ చట్నీ ఎక్కువ వేసింది.

ఎండాకాలం వచ్చేసరికి కథ తిరగబడింది. ఇప్పుడు బల్బు ఊరికే ఉంటోంది, కంప్రెసర్‌కే డ్యూటీ. నేను హైదరాబాద్‌లో ఉంటే అమ్మే ఫోన్ చేస్తుంది: "ఇయ్యాల 28కి దించిన, పులుపు ఎక్కువైతున్నది." ఆ బటన్లు ఎలా నొక్కాలో నేనైతే ఆమెకు చెప్పలేదు. పైన అరలో పెరుగు గిన్నె కూడా చేరిందట.