బెంగుళూరుపై ఎగిరిన జెండాలు

బెంగుళూరు పాతపేటలో కాటన్‌పేట ఒక భాగం. గాజుల వ్యాపారం వల్ల బళేపేటకు, బియ్యం వ్యాపారం వల్ల అక్కిపేటకు ఆ పేర్లు వచ్చినట్లే, పత్తి వ్యాపారం వల్ల దీనికి ఈ పేరు వచ్చింది. ఈ వీధులలో ఆగస్టు 15న మువ్వన్నెల జెండా ఎగురుతుంది. నవంబరు 1న, రాజ్యోత్సవం నాడు, పసుపు ఎరుపు రంగుల కన్నడ జెండా కనబడుతుంది. కాని ఈ నగరం చూసిన జెండాలు ఈ రెండే కావు.

విజయనగర సామంతుడైన కెంపేగౌడ 1537లో ఇక్కడ మట్టికోటను, పేటను కట్టించాడు. 1638లో బెంగుళూరు బిజాపూరు సుల్తానుల వశమై, శివాజీ తండ్రి షాజీకి జాగీరుగా లభించింది. 1687లో మొగలు సేనలు దీనిని పట్టుకొన్నాయి. వారి జెండా ఎగిరింది కొద్ది రోజులే. మైసూరు రాజు చిక్కదేవరాయ ఒడెయరు మూడు లక్షల రూపాయలిచ్చి నగరాన్ని తీసుకొన్నాడు. తరువాత ఇది హైదరాలీ, టిప్పుసుల్తానుల పాలనలోకి వచ్చింది. 1791 మార్చి 21న ఇంగ్లీషువారు కోటను ముట్టడించి గెలిచారు. 1799లో టిప్పు మరణించాక మైసూరు తిరిగి ఒడెయరులకు దక్కింది. ఇలా జెండాలు మారినప్పుడల్లా ప్రజల అభిప్రాయం ఎవరూ అడగలేదు. గెలిచినవారి జెండాయే కోటపై నిలిచింది.

1809లో ఇంగ్లీషువారు పేటకు తూర్పున దండు ప్రదేశాన్ని ఏర్పరచారు. 1881 నుండి ఒకే ఊరిలో రెండు పాలనలు సాగాయి. కాటన్‌పేట ఉన్న పాత నగరం మహారాజుది. అక్కడ రాజచిహ్నం గండభేరుండం, అంటే రెండు తలల పక్షి. కబ్బన్ పార్కుకు అవతల ఉన్న దండు ప్రదేశం ఇంగ్లీషువారిది. అక్కడ ఎగిరింది యూనియన్ జాక్. ఈ దండు ప్రదేశం 1947 జులై 26న మాత్రమే మైసూరుకు తిరిగి వచ్చింది.

1938లో మైసూరు రాజ్యంలో కొత్త వివాదం పుట్టింది. ఈసారి జెండా పట్టినవారు రాజులు కారు, సామాన్యులు. బెజవాడలో 1921లో పింగళి వెంకయ్య గాంధీజీకి ఇచ్చిన నమూనా నుండి రూపొందిన కాంగ్రెసు జెండాను వారు ఎగురవేయదలచారు. రాజ్యంలో రాజపతాకం ఉండగా మరొక జెండా కూడదని ప్రభుత్వం నిషేధించింది. ఏప్రిల్‌లో మద్దూరు దగ్గర శివపురంలో సత్యాగ్రహులు నిషేధాన్ని ధిక్కరించి అరెస్టయ్యారు. ఏప్రిల్ 25న గౌరీబిదనూరు తాలూకా విదురాశ్వత్థంలో, పినాకినీ నది ఒడ్డున, జెండా కోసం చేరిన జనంపై పోలీసులు కాల్పులు జరిపారు. మరణించినవారు పదిమంది అని ప్రభుత్వం చెప్పింది. ముప్పైమందికి పైగా అని ఇతరులు చెప్పారు.

ఆ నెత్తుటి సంఘటన తరువాత మే నెలలో సర్దార్ పటేల్, దివాన్ మీర్జా ఇస్మాయిల్ చర్చించి ఒక ఒప్పందానికి వచ్చారు. దాని ప్రకారం మైసూరు జెండాతోపాటు కాంగ్రెసు జెండాను కూడా ఎగురవేయవచ్చు. ఒకదానిని దించనక్కరలేకుండానే రెండవదానికి చోటు దొరికింది. ఈ మాట ముందే అనుకొని ఉంటే విదురాశ్వత్థంలో ప్రాణాలు పోయేవి కావు.

1947 జులై 22న రాజ్యాంగసభ అశోకచక్రంతో కూడిన మువ్వన్నెల జెండాను జాతీయ పతాకంగా స్వీకరించింది. ఆ అక్టోబరులో కోలారు జిల్లాకు చెందిన కె.సి. రెడ్డి మైసూరు మొదటి ముఖ్యమంత్రి అయ్యారు. 1960లలో మ. రామమూర్తి పసుపు కుంకుమల రంగులతో కన్నడ జెండాను రూపొందించారు. 2018 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం ఆ రంగుల నడుమ తెలుపును, గండభేరుండాన్ని చేర్చి, రాష్ట్ర పతాకంగా ప్రతిపాదించింది. దేశానికి ఒకే జెండా చాలునని కొందరు, రాష్ట్రానికి తన జెండా ఉంటే జాతీయ పతాకానికి లోటు రాదని మరికొందరు వాదించారు. ఈసారి వాదాలే నడిచాయి, తుపాకులు పేలలేదు.

జెండా గుడ్డముక్కే. దాని కింద నిలిచే మనుషుల వల్లనే దానికి విలువ. మన జెండాకు గౌరవం కోరేటప్పుడు పొరుగువాని జెండాను కూడా గౌరవించాలి. పలు భాషలవారు కలిసి బ్రతికే కాటన్‌పేట వంటి చోట ఈ సంగతి మరీ అవసరం.