తొలకరి గడ్డి, చిటుకు రోగం

మా దొడ్లో ఆరు గొర్రెలు, నాలుగు మేకలు ఉన్నాయి. హాస్టల్లో ఈ మాట చెబితే "రెండూ ఒకటేగా!" అంటారు ఫ్రెండ్స్. కాదు బాబూ! మేక తలెత్తి తింటుంది: తుమ్మ, రేగు, అవిసె, ఏ ఆకు అందితే అది. గొర్రె తల దించి నేలమీది గడ్డి కొరుకుతుంది. అందుకే తొలకరి గండం గొర్రెకే ఎక్కువ.

ఎండాకాలమంతా ఎండుమేతతో గడిపిన గొర్రె, వానకు మొలిచిన లేతగడ్డి మీద ఒక్కసారిగా పడుతుంది. పేగుల్లో మామూలుగానే ఉండే క్లాస్ట్రీడియం అనే బ్యాక్టీరియా ఆ మేతతో విపరీతంగా పెరిగి విషం వదులుతుంది. సాయంత్రం గంతులేసిన పిల్ల తెల్లారేసరికి ఉండదు. దీన్నే చిటుకు రోగం అంటారు. చిటికెలో చంపుతుంది కాబట్టే ఆ పేరొచ్చిందేమో అని నా ఊహ. విచిత్రమేంటంటే బక్కది కాదు, బాగా తిని బలిసినదే ముందు పోతుంది.

డాక్టర్ వచ్చేలోపే అంతా అయిపోతుంది కాబట్టి టీకాయే దిక్కు. వానలకు ముందే వేయించాలి. మొదటిసారైతే రెండు మూడు వారాలకు ఇంకో డోసు. మేకలకీ ఈ రోగం వస్తుంది, వాటికీ వేయిస్తాం.

తొలి వానల్లో మా నాన్న ముందు ఎండుమేత పెట్టి, తర్వాతే మందను బయటికి వదులుతారు, అదీ గంటసేపే. కడుపు కొత్త గడ్డికి అలవాటు పడేదాకా ఇంతే. గొర్రెలు మాత్రం తడిక దగ్గర నిలబడి ఒకటే అరుపు.