నీళ్లు సమమయ్యేదాకా ఆగాలి

మా ఆఫీసులో నలుగురైదుగురం పడవల పిచ్చి ఉన్నవాళ్లం. లంచ్ డబ్బాలు తెరవగానే రికవరీల సంగతి పక్కన పెట్టి, ఈసారి ఎల్‌టీసీ అలప్పుళకా, పాపికొండలకా అని మొదలుపెడతాం. ఈ కబుర్లకు పెద్దదిక్కు కోనసీమకు చెందిన మా రిటైర్డ్ హెడ్ క్యాషియర్ గారు. పెన్షన్ పని మీద వచ్చినప్పుడల్లా మాతో కాసేపు కూర్చుంటారు.

"పడవంటే మీకు విహారం అండీ, మాకు అదే బస్సు" అంటారాయన. చిన్నప్పుడు తాతగారితో కొబ్బరికాయల పడవ ఎక్కి కాలువ మీద వెళ్లేవారట. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద మనుషులు తాడు పట్టి లాగడం. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. దాని కాలువలను కాటన్ దొర సాగుకే కాక రవాణాకూ పనికొచ్చేలా తవ్వించాడు. కాకినాడ కాలువ, ఏలూరు కాలువ, కొమ్మమూరు కాలువ, ఆపైన బకింగ్‌హామ్ కాలువ కలిసి ఒకప్పుడు కాకినాడ సరుకును మద్రాసు దాటించేవి. రైలు, రోడ్డు వచ్చాక ఆ దారి పాడుపడింది. ఈ కాలువలను గోదావరి, కృష్ణా నదుల్లోని కొంత భాగంతో కలిపి 2008లో నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు.

మా జూనియర్ ఆఫీసరు అమ్మాయికి ఒక సందేహం. "నది మట్టం పైన, కాలువ మట్టం కింద ఉంటుంది కదా సార్, పడవ పైకి ఎలా ఎక్కేది?"

అందుకే లాకులు. రెండు వైపులా తలుపులున్న పెద్ద తొట్టిని ఊహించుకోండి. పడవ కింది కాలువ నుంచి తొట్టిలోకి వస్తుంది. వెనక తలుపులు మూసేస్తారు. పైవైపు తూము ఎత్తితే నీళ్లు లోపలికి వస్తాయి, వాటితోపాటు పడవ లేస్తుంది. లోపలి నీరు, పై నీరు సమమయ్యాక ముందు తలుపులు తెరుస్తారు. దిగేటప్పుడు ఇదే పని తలకిందులుగా. ఇంజను అక్కర్లేదు, బరువంతా నీరే ఎత్తుతుంది. మట్టాలు సమం కాకముందు ఎంతమంది లాగినా తలుపు రాదు. పై నీటి ఒత్తిడే దాన్ని బిగించి ఉంచుతుంది. "ఎంత షావుకారు పడవైనా అక్కడ ఆగాల్సిందే" అన్నారు పెద్దాయన.

ఆ మాట దగ్గర నేను నా తప్పు ఒప్పుకున్నాను. ఆ ముందు సెలవుల్లో కేరళలో పడవ ఎక్కాం. లైఫ్ జాకెట్లు ఓ మూల మూటకట్టి ఉన్నాయి. తొమ్మిదేళ్ల మా అమ్మాయి "నాన్నా, వేసుకోవద్దా?" అని అడిగింది. "ఫొటోలు బాగా రావమ్మా, దిగేముందు చూద్దాం" అన్నాను. ఏమీ జరగలేదు. కానీ పెద్దాయన నవ్వలేదు.

"లక్ష రూపాయల లోనుకి పది కాగితాలు అడుగుతావు కదయ్యా, పిల్లని ఎక్కించేటప్పుడు ఒక్క కాగితమూ అడగలేదా?"

ఆయన కోపానికి కారణముంది. 2009 సెప్టెంబరు 30న తేక్కడిలో రెండంతస్తుల పడవ బోల్తాపడి 45 మంది చనిపోయారు. జంతువులను చూడటానికి జనం ఒక పక్కకు చేరడం కూడా ఒక కారణమని చెప్పారు. 2019 సెప్టెంబరు 15న గోదావరి వరద మీదున్నప్పుడు కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగింది. 2023 మే 7న కేరళలోని తానూరులో పరిమితికి మించి ఎక్కించుకున్న పడవ తిరగబడి 22 మంది పోయారు. వాళ్లలో చాలామంది పిల్లలే.

పడవ ఎందుకు తిరగబడుతుంది? ఒక పక్కకు ఒరిగినప్పుడు ఆ పక్కనే ఎక్కువ నీరు దాన్ని పైకి తోస్తుంది, పడవ మళ్లీ నిలబడుతుంది. బరువు అడుగున ఉన్నంతసేపు ఈ సర్దుబాటు పనిచేస్తుంది. జనం పై డెక్కుకు ఎక్కేకొద్దీ బరువు పైకి చేరి, లేచే శక్తి తగ్గుతుంది. అప్పుడు అందరూ సెల్ఫీ కోసం ఒకే కమ్మీ దగ్గరకు వెళితే, ఒరిగిన పడవ ఇక లేవకపోవచ్చు. సరంగు ఎంత నేర్పరైనా చేయగలిగింది తక్కువ.

అందుకే మా బృందం కొన్ని నియమాలు పెట్టుకుంది. 2021 నాటి ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం ప్రకారం పడవకు రిజిస్ట్రేషన్, సర్వే సర్టిఫికెట్, బీమా ఉండాలి. అవి అడుగుతాం. ఎంతమందికి అనుమతి ఉందో చూసి తలలు లెక్కపెడతాం. పిల్లల కొలతకు సరిపోయే జాకెట్ లేకపోతే ఎక్కం. ఉంటే, పడవ కదలకముందే పట్టీలు బిగిస్తాం. వరద ఉన్నా, చీకటి పడినా ప్రయాణం మానేస్తాం. టికెట్ డబ్బు పోతే పోనిద్దాం, దాన్ని వసూలు కాని బాకీ అనుకుందాం.

మొన్న సంక్రాంతి సెలవుల్లో మళ్లీ పడవ ఎక్కాం. పిల్లలకు సరిపోయే జాకెట్లు తెప్పించేదాకా గట్టు మీదే నిలబడ్డాం. పావుగంట ఆలస్యమైంది. పక్కవాళ్లు విసుక్కున్నారు. పడవ కదిలాక మా అమ్మాయి నా దగ్గరకు వచ్చి, నా జాకెట్ పట్టీ ఒకటి వదులుగా ఉందని తనే బిగించింది. ఆ ఫొటో చాలా బాగా వచ్చింది.